అభిమానియు సహృదయుడును

అభిమానమను మాట మన భాషలో పలు త్రోవలు ద్రొక్కినది. సాంఖ్యులు దానిని అహంకారముయొక్క వ్యాపారముగా జెప్పిరి. 'నేను', 'నాది' అను తలంపే వారి మతమున అభిమానము. సుయోధనుని అభిమానధనుడనునప్పుడు అది ఆత్మగౌరవము. 'వారికి మా పిల్లలయందు అభిమానము మెండు' అని పెద్దలు చెప్పుకొనునప్పుడు అది వాత్సల్యము. ఈ మూడింటిని గలుపుకొని నాలుగవ యర్థమొకటి నేడు ప్రబలినది. ఫలానా నటుని అభిమాని యనగా నెట్టివాడో నిఘంటువు చూడనక్కరలేకయే ఎల్లరకును దెలియును. ఇంగ్లీషువారు వాడు 'ఫ్యాన్' అను పదము మతావేశపరుడను నర్థముగల మాటకు కుదింపని వారి నిఘంటుకారులు చెప్పుదురు. దాని మూలము లాటిను భాషలో దేవాలయమునకు బేరు. వారి మాటలో గుడి యున్నది. మన మాటలో 'నేను' ఉన్నది. తెలుగు సినిమా అభిమానికి రెండును గలవు.

సినిమాను తిట్టి బాలురకు నీతి చెప్పుట మా తలంపు కాదు. అట్టి వ్యాసములు 1932లో 'భక్త ప్రహ్లాద' వెలువడి మన తెరకు మాట వచ్చిన నాటినుండియు బుట్టుచునే యున్నవి. వానివలన ఒక్క టికెట్టైనను అమ్ముడుపోక నిలిచిపోయినట్లు మేమెరుగము. మేమును సినిమాలు చూచువారమే. మంచి నటనము కంటబడినప్పుడు నాలుగు దినములు దానినే తలచుకొనువారమే. మమ్ము బాధించుచున్నది వేరొక సందేహము. తన నటుని గూర్చి సర్వమును దెలిసికొనుటకు రేయింబవళ్లు శ్రమించు అభిమానికి ఆతని నటనమును గూర్చి మాత్రము మాట తోచకున్నది. ఏ దర్శకునికి సమ్మతించెనో, ఎంత పారితోషికము పుచ్చుకొనెనో, తరువాతి చిత్రము సంక్రాంతికో దసరాకో వాడు ఎరుగును. తెరమీద ఆ మనుష్యుడు చేసినదేమి యని యడిగినచో తడబడును. దీనికి వాని మందబుద్ధి కారణమని మేము నమ్మము.

పూర్వము సినిమా వార్త రెండే విధములుగా నుండెడిది: చిత్రము వచ్చుచున్నదని యొకటి, వచ్చినదని యొకటి. ఇప్పుడు చిత్రము పుట్టకముందే దానికి జాతకర్మాదులన్నియు జరిగిపోవుచున్నవి. కథ వినెనని యొక వార్త, మెచ్చెనని యొక వార్త, కొబ్బరికాయ కొట్టిరని యొక వార్త. పేరు ప్రకటించు తేదీ యెప్పుడో తెలుపుటకు మరల నొక ప్రకటన. పిదప ఫస్ట్ లుక్కు, గ్లింప్సు, టీజరు, ఒక్కొక్క వారమునకొక పాట, ట్రైలరు, తుదకు ప్రీ-రిలీజు ఉత్సవము. వీనినన్నింటిని గలిపి 'అప్‌డేటు' అందురు. ఈ మాటను తెనిగించుటకు మేము కొంత ప్రయత్నించి మానుకొంటిమి. వార్త యనగా జరిగినదానిని జెప్పునది. అప్‌డేటు జరుగబోవునది జరుగుటకు ఇంకెంత కాలమున్నదో చెప్పునది.

2023 ఫిబ్రవరిలో హైదరాబాదున 'అమిగోస్' అను చిత్రమునకు అట్టి ఉత్సవమొకటి జరిగెను. అందు నాయకుడు నందమూరి కల్యాణ్ రామ్. ఆతని తమ్ముడగు జూనియర్ ఎన్.టి.ఆర్. అతిథిగా వచ్చెను. అన్నగారి చిత్రమును గూర్చి మాటలాడవలసిన యా సభలో, తమ్ముని ముప్పదవ చిత్రపు అప్‌డేటేదని అభిమానులు కేకలు వేయసాగిరి. చెప్పదగినది యేదైన నున్నచో ఇంటిలోని భార్యకంటె ముందుగా మీకే చెప్పుదుమనియు, నిత్యమేదో యొకటి చెప్పుమని నిర్మాతలను దర్శకులను ఒత్తిడిచేయుట తగదనియు ఆయన విసుగుతోనే మనవి చేయవలసివచ్చెను. ఆ చిత్రమే 'దేవర' యను పేరుతో 2024 సెప్టెంబరు 27వ తేదీన విడుదలయ్యెను. నడుమ పందొమ్మిది మాసములు గడచినవి. విడుదలకు అయిదు దినములముందు హైదరాబాదులో నేర్పరచిన ప్రీ-రిలీజు ఉత్సవము జనసమ్మర్దము పట్టజాలక రద్దయ్యెను. చిత్రము చూచుటకు గాదు, చిత్రమును గూర్చి వినుటకే అంతమంది వచ్చిరని చదువరులు గమనింపగోరుదుము. అన్నగారి చిత్రము ఎదుట నుండగా లేని చిత్రము కొరకు కేకలు వేసిన సభయు అట్టిదే.

ఈ వార్తలు వ్రాయబడు వచనమును మన సాహిత్యవిమర్శకులు లక్ష్యపెట్టరు. లక్ష్యపెట్టవలెనని మా మనవి. పాఠ్యపుస్తకము దాటి తెలుగు చదువు మా విద్యార్థులలో పెక్కురు ప్రతిదినమును చదువునది ఇదియే. ఈ వచనములో మొదట గన్పట్టునది కర్త లేని క్రియ. 'తెలుస్తోంది', 'వినిపిస్తోంది', 'అంటున్నారు', 'టాక్ నడుస్తోంది' అని వాక్యములు ముగియుచుండును. ఎవరికి దెలిసినది, ఎవరు వినిరి, ఎవరనుచున్నారు అని యడుగరాదు. అడిగినచో 'ఫిల్మ్ నగర్ వర్గాలు' అని బదులు వచ్చును. చెప్పినవాడెవడో తెలియక పరంపరగా వచ్చు మాటను మన శాస్త్రకారులు ఐతిహ్యమనిరి. ఈ మర్రిచెట్టున యక్షుడున్నాడని చెప్పుకొనుట దానికి వారిచ్చు ఉదాహరణము. పౌరాణికులు దానినొక ప్రమాణముగా గొనిరి గాని నైయాయికులు వేరు ప్రమాణముగా నంగీకరింపలేదు; చెప్పువాడు ఆప్తుడైననే ఆ మాట ప్రమాణమని వారి నిర్ణయము. నేటి సినిమా వార్తలలో మర్రిచెట్టు మారుచుండును, యక్షుడు మారుచుండును, అభిమాని మాత్రము ప్రతి చెట్టుక్రిందను నిలిచి తలయెత్తి చూచుచుండును. మరునాడు ఆ వార్త యబద్ధమని తేలినను వానికి కోపము రాదు. ఏలయన అబద్ధమని తేలుటయు నొక వార్తయే గదా!

రెండవ లక్షణము, యుద్ధపరిభాష. ఊచకోత, దండయాత్ర, వేట, విధ్వంసము, బాక్సాఫీసు బద్దలు. గ్రామదేవత జాతరలో కుంకుమబొట్టుతో, డప్పుల మ్రోతతో, ఉపవాసముతో వచ్చు పూనకమును గూడ ఈ వచనము కొనితెచ్చుకొన్నది; ఇప్పుడది క్షణకాలపు గ్లింప్సుకే వచ్చుచున్నది. మూడవది, అసలైన లోపము: నటనమును జెప్పు మాటలు లేకపోవుట. సమీక్షలలో 'తనదైన శైలిలో ఆకట్టుకున్నాడు' అనియో, 'వన్ మ్యాన్ షో' అనియో, మరీ ముచ్చటపడినచో 'కుమ్మేశాడు' అనియో యుండును. ఆ తనదైన శైలి యెట్టిదో విప్పి చెప్పిన సమీక్ష బహు అరుదు. పిమ్మట అయిదింటికి రెండుంబావో రెండుముప్పావో మార్కులు. బడిపంతుళ్లమైన మాకు మార్కులు వేయుటలోని కష్టము దెలియును. పావు మార్కు ఎక్కడ పోయినదో చెప్పలేని పంతులును పిల్లలు గౌరవింపరు.

మాటలు పోయిన చోటికి అంకెలు వచ్చినవి. మా తొమ్మిదవ తరగతిలో నొక బాలుడు గ్రాసునకును షేరునకును గల భేదమును మాకు విశదముగా జెప్పెను. టికెట్ల మీద వచ్చిన మొత్తము గ్రాసు. అందులో పన్నును హాలు అద్దెయు పోగా పంపిణీదారునకు మిగులునది షేరు. ఆతడు చిత్రమును కొన్న ధర ఆ షేరుతో సరిపోయిననాడు చిత్రము గట్టెక్కినట్లు. గ్రాసును చూపి షేరును దాచు పోస్టరును నమ్మరాదు. వాని వివరణము వ్యాపారగణిత పుస్తకములో నుంచదగియుండెను. మేము సంతోషించి, 'నాయనా, ఆ చిత్రములో మీ హీరో తల్లిని పోగొట్టుకొను ఘట్టమున్నది గదా, అక్కడ ఆయన ఎట్లు నటించెను?' అంటిమి. వాడు కొంచెమాలోచించి, 'మామూలుగా లేదు సార్' అనెను. 'అనగా?' 'అంటే... వేరే లెవెల్ సార్.' కన్నులు తళతళలాడుచుండెను. ఆ బాలుడేదో చూచినాడు, ఏదో తాకినది. దానిని జెప్పుటకు వానికి మేమెవరమును మాటలీయలేదు. వసూళ్లను జెప్పుటకు లోకము నూరు మాటలిచ్చినది.

ఈ లెక్కల భూగోళము మాత్రము మిక్కిలి వింతయైనది. అభిమానుల పట్టికలో ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రములు ప్రభుత్వపు పటములోవలె నుండవు. నైజాం, సీడెడ్, ఉత్తరాంధ్ర, తూర్పు, పశ్చిమ, కృష్ణా, గుంటూరు, నెల్లూరు అని యుండును. నైజాము రాజ్యము 1948లో అంతరించినది. 1800లో నిజాము కడప, బళ్లారి మొదలగు సీమలను ఇంగ్లీషు కంపెనీకి దత్తము చేసెను. ఆ 'సీడెడ్' అను మాటను 1928లోనే ఆ సీమవారు అవమానకరమని త్రోసి రాయలసీమ యని పేరు పెట్టుకొనిరి. సినిమా వ్యాపారులు మాత్రము దానిని విడువలేదు. వారినుండి అభిమానులు నేర్చుకొనిరి. 2022లో ఆంధ్రప్రదేశమున జిల్లాలు పదుమూడునుండి ఇరువదియారైనవి గాని సినిమావారి తూర్పు, పశ్చిమలు చెక్కుచెదరలేదు. చరిత్ర చెప్పు మాకు ఈ పట్టిక యొక గనివంటిది. ఈ పట్టిక తుదిని ఉత్తర అమెరికా డాలర్లు నుండును. అచ్చట గురువారపు రాత్రియో బుధవారపు రాత్రియో మన కంటె ముందుగా చిత్రము చూచిన తెలుగువారు పంపు వార్తకై ఇచ్చట తెల్లవారుజాము వరకు మేలుకొనియుండు యువకులు పెక్కురు గలరు.

పక్షపాతము మన రంగస్థలమునకు క్రొత్తయని మేము చెప్పబోము. పద్యనాటకముల కాలమున కాంట్రాక్టు నాటకములని యుండెడివి. తిరుపతి వేంకటకవుల పాండవోద్యోగ విజయములను ఆడునప్పుడు ఒక రాత్రియే ఇద్దరో ముగ్గురో కృష్ణులు, ఇద్దరర్జునులు అంకమునకొక్కరు చొప్పున రంగమెక్కెడివారు. ఈ కృష్ణుని పక్షమువారు ఆ కృష్ణుని వెక్కిరించెడివారు. పద్యమునకు వన్స్ మోరు, రాగమునకు మరల వన్స్ మోరు. తెల్లవారినను యుద్ధము మొదలు కాకుండెడిది. దానివలన నాటకము చెడినదనుటలో సత్యమున్నది. అయినను ఆ పక్షపాతికి ఒక గుణముండెడిది. తన కృష్ణుడు గొప్పవాడని నిరూపింపవలెనన్నచో వాడు పద్యమునెట్లు విరిచెనో, ఏ యక్షరము మీద నిలిచెనో, ఏ రాగమున నెత్తెనో చెప్పవలసివచ్చెడిది. తగవు రంగస్థలము మీద నున్నదానిని గూర్చినది. ఆ రాత్రి టికెట్లెన్ని తెగెనో వానికి తెలియదు, అక్కరలేదు.

తరువాతి తరమున ఎన్.టి. రామారావు, అక్కినేని నాగేశ్వరరావుల పక్షములు వెలసినవి. వారి అభిమానులును సాధువులు కారు. ఎదుటివాని పోస్టరు మీద పేడ కొట్టుట నాటి విద్యయే. నూరు దినములాడిన కేంద్రములను లెక్కించుటయు అప్పుడే మొదలైనది. కాని యా నటులను అభిమానుల లెక్క కట్టివేయలేదు. 1953లో 'దేవదాసు'తో దేశమును ఏడిపించిన నాగేశ్వరరావు 1955లో 'మిస్సమ్మ'యందు గూఢచారినని భ్రమపడు హాస్యపాత్రను, అదియు రామారావు నాయకుడుగా నున్న చిత్రమున, వేసెను. 'పాతాళ భైరవి' తోటరాముడు నాలుగేండ్లు తిరుగకయే 'రాజు-పేద'లో కరకు పోలిగాడయ్యెను. 1963లో 'నర్తనశాల'యందు బృహన్నల యయ్యెను. 1962నాటి 'గుండమ్మ కథ'లో వీరిద్దరు నుండగా పేరు సూర్యకాంతము పాత్రకు బోయినది. నాయకుడు ఆమె యింట పనివాడై చేరును. 1972లో 'బడిపంతులు'నందు రామారావు ముసలి ఉపాధ్యాయుడు. ఆ చిత్రమునందు మా వృత్తివారికి కొంచెము పక్షపాతమున్నచో చదువరులు మన్నింతురు గాక.

ఈనాడట్లు జరుగుట కష్టము. జరుగదని చెప్పము. 2018లో 'రంగస్థలం' చిత్రమున రామ్ చరణ్ చెవుడుగల పల్లెటూరివాడుగా నటింపగా అభిమానులు కాదనలేదు, నెత్తిన బెట్టుకొనిరి. కావున అభిమానులొప్పరను మాటలో కొంత నిర్మాతల పిరికితనమును గలదు. అయినను 2022లో 'ఆర్.ఆర్.ఆర్.' వెలువడినప్పుడు జరిగిన వాదము మనకు దెలిసినదే: రాముని పాత్ర పెద్దదా, భీముని పాత్ర పెద్దదా, ఎవరు తెరమీద నెన్ని నిమేషములుండిరి. స్నేహమును గూర్చిన చిత్రమును గడియారము పెట్టి కొలిచిరి. అంతకుముందెన్నడో 1988లో చిరంజీవి 'రుద్రవీణ' చేసెను. జాతీయ సమైక్యతకు గాను దానికి కేంద్రప్రభుత్వ పురస్కారము లభించినది. వసూళ్లు మాత్రము నిరాశ గొలిపినవి. ఆయన తరువాతి త్రోవ యెట్లు మళ్లినదో అందరికిని దెలిసినదే. నటుడెట్టి సాహసము చేసినను మొదటి దినమున వచ్చిన అంకెయే తీర్పగునప్పుడు ఆతనికి తన పనిని గూర్చి నిజము చెప్పువాడెవడు? పొగడ్త కోట్ల అభిమానులనుండి వచ్చును, దూషణ అవతలి పక్షమునుండి వచ్చును. రెండింటికిని నటనముతో నిమిత్తము లేదు.

ఇక్కడ మన అలంకారశాస్త్రము నొక మాట యడుగవలసియున్నది. రసాస్వాదమునకు కలుగు విఘ్నములను అభినవగుప్తుడు విచారించెను. అందొకటి, ప్రేక్షకుడు తెరయందో రంగమునందో జరుగుదానిని తన సొంత వ్యవహారముగా, తన లాభనష్టములుగా జూచుట. మరియొకటి, తన సుఖదుఃఖములకు తాను లోబడి యెదుటిదానిపై మనసు నిలుపలేకపోవుట. నాటకమున రాముని దుఃఖము రామునికి మాత్రమే చెందిన దుఃఖముగా నుండక, అట్లని చూచువాని ఇంటి దుఃఖమును గాక, సర్వసాధారణమైన శోకముగా మారిననే రసము. అభిమానికి ఈ సాధారణీకరణమే జరుగదు. వాడు చూచునది పాత్రను గాదు, తనవానిని. నాయకుడు దెబ్బ తినినచో కథలోని మనుష్యుడు దెబ్బ తిన్నట్లుండదు, తన పక్షము దెబ్బ తిన్నట్లుండును. వాడు 'మన సినిమా' అనును. 'మనము నూరు కోట్లు కొట్టినాము' అనును. సాంఖ్యుల అభిమానము అచ్చముగా నిదియే. సహృదయుడు తన్ను మరచుటకు హాలునకు బోవును; అభిమాని తన్ను చూచుకొనుటకు బోవుచున్నాడు.

దీనివలన పోవుచున్నదేమో ఒక దృష్టాంతముతో జెప్పెదము. 1957నాటి 'మాయాబజార్'లో ఘటోత్కచుడు శశిరేఖ రూపము దాల్చును. అనగా సావిత్రి, శశిరేఖ వేషములో నున్న ఎస్.వి. రంగారావును నటింపవలెను. ఆమె గొంతుక మార్చుకొన్నది గాదు, మీసము పెట్టుకొన్నది గాదు. నడకలో అడుగు వెడల్పైనది, భుజములు విచ్చుకొన్నవి, లక్ష్మణకుమారుని పాదమును త్రొక్కునప్పుడు ఆ యాడపిల్ల మొగమున రాక్షసుని ఆటపట్టింపు తొణికినది, అంతలో నెవరో చూచిరనగానే మరల తలవంచిన పెండ్లికూతురు. భరతుడు చెప్పిన ఆంగిక సాత్త్వికములు రెండును రెప్పపాటున మారుచుండును. ఈ చిత్రము తొలినాడెంత వసూలు చేసెనో నేడడుగువారు లేరు. ఆ నడక మాత్రము మిగిలియున్నది.

పాతవారినే పొగడుచున్నామని యువకులు మమ్ము దూరవచ్చును. 2021లో వచ్చిన 'పుష్ప'యందు అల్లు అర్జున్ నటనమునకు జాతీయ ఉత్తమ నటుని పురస్కారము వచ్చినది. 2023లో అది ప్రకటింపబడినప్పుడు తెలుగు నటునికి ఆ గౌరవము దక్కుట అదియే మొదలు. ఆ పాత్రకు ఆయన యొక భుజమునెత్తి పట్టెను. కూలివాడుగా నున్నప్పుడు ఆ భుజము వంకరవలె నుండును. డబ్బు వచ్చిన కొలది అదియే పొగరువలె గన్పట్టును. భుజము మారలేదు, మనిషి మారినాడు. చిత్రమంతయు నొక్క అవయవముతో పాత్ర చరిత్రను జెప్పుట సామాన్యమా? దానికి చిత్తూరు సీమ యాస తోడైనది. 2024నాటి రెండవ భాగములో తిరుపతి గంగజాతర వేషముగలదు. ఆ జాతరలో పురుషులు స్త్రీవేషము వేసి మ్రొక్కు దీర్చుకొనుట అనాదిగా వచ్చుచున్న ఆచారము. మాస్ హీరో యనబడువాడు చీర గట్టి దేవతయెదుట నాడుట మన తెరకొక విశేషము. మా వద్దకు వచ్చిన వార్తలలో మాత్రము ఆ ఘట్టమునకెన్ని దినములు పట్టినది, ఎన్ని కోట్లు వ్యయమైనది అను లెక్క ముందు నిలిచినది. వేషము దాని వెనుకకు బోయినది. గడ్డము క్రింద చేయి త్రిప్పు సంజ్ఞను ఊరూర పసిబాలురు నేర్చిరి. భుజమును గూర్చి యెవడును రెండు వాక్యములు వ్రాయలేదని మేమనము. వ్రాసినది వసూళ్ల పట్టిక క్రింద కప్పబడెననుచున్నాము.

ఆ రెండవ భాగమునే చూచుటకు 2024 డిసెంబరు 4వ తేదీ రాత్రి హైదరాబాదు ఆర్.టి.సి. క్రాస్ రోడ్సులోని సంధ్యా థియేటరునకు జనము చేరిరి. విడుదల మరునాడు, ఇది ముందటి రాత్రి ప్రదర్శనము. నటుడును అచ్చటికి వచ్చెను. త్రొక్కిసలాటలో ఒక స్త్రీ మరణించెను. ఆమె కుమారుడు, చిన్నవాడు, ప్రాణాపాయస్థితిలో ఆసుపత్రి చేరి నెలల తరబడి చికిత్స పొందెను. డిసెంబరు 13వ తేదీన నటుని పోలీసులు నిర్బంధించిరి. ఆనాడే హైకోర్టు మధ్యంతరపు బెయిలిచ్చెను. ఎవరి తప్పెంతయో నిర్ణయించుట న్యాయస్థానముల పని, మాది గాదు. మేము చూచినది వేరొకటి. నిర్బంధము, విడుదల, పరామర్శకు వచ్చిన నటుల వరుస, ఎవరు రాలేదను ఆరా. వారము తిరుగకముందే ఆ మరణము కూడ నటుని వృత్తిజీవితములో నొక ఘట్టమై పోయినది. 'ఇది మన హీరోకు ప్లస్సా మైనస్సా' అని మా పిల్లలు తర్కించుట మేము వింటిమి. ఆ ప్రశ్న వారికి క్రూరముగా దోపలేదు. వారు క్రూరులు గారు గనుక అది మాకు మరింత భయము గొలిపినది.

ఇట్టివి ఒక్క యూరివి గావు, ఒక్క నటుని పక్షమువి గావు. 2020 సెప్టెంబరులో చిత్తూరు జిల్లా కుప్పము ప్రాంతమున పవన్ కల్యాణ్ జన్మదినమునకు బ్యానరు గట్టుచు ముగ్గురు యువకులు విద్యుద్ఘాతమున మరణించిరి. 2023 జూలైలో నరసరావుపేటయందు తమిళ నటుడు సూర్య జన్మదినపు ఫ్లెక్సీ గట్టుచు ఇద్దరు యువకులట్లే పోయిరి. ఇనుప చట్రము, పైన విద్యుత్తీగ, అర్ధరాత్రి. ఈ మూడును గలిసిన చోట నేమి జరుగునో పదవ తరగతి భౌతికశాస్త్రము చెప్పును. అర్ధరాత్రియే కట్టవలెనని వారినెవరు తొందర పెట్టిరి? తెల్లవారకముందే తమ యూరి కటౌటు చిత్రపటము అందరి ఫోనులకు జేరవలెను. ప్రక్క యూరిదానికంటె నిలువుగా నుండవలెను. ముందటి రాత్రి ప్రదర్శనము చూడకున్నచో తెల్లవారుసరికి కథ యెల్ల రచ్చకెక్కును. మొదటి దినపు అంకెలో తన టికెట్టు చేరదు. తొందర యంతయు వార్తది. చిత్రము ఎచ్చటికిని పారిపోదు.

అభిమానులు చేయు మేలును మరచుట న్యాయము గాదు. 1998లో చిరంజీవి నెలకొల్పిన రక్తనిధికి ఆయన అభిమానులు ఏండ్లతరబడి రక్తమిచ్చుచు వచ్చిరి. ఎన్ని యుపన్యాసములైన నింతమందిని సూదికి చేయి చాపునట్లు చేయజాలవు. ఏ సంఘమునందు నిమడని కూలి కుర్రవానికిని అభిమానుల గుంపులో తావు దొరకును. అచ్చట వాని పేరు పెట్టి పిలుతురు. ఇంతటి ప్రీతిని, ఇంతటి జ్ఞాపకశక్తిని, ఇంతటి ఓపికను మన సాహిత్యసభలు కలలోనైన నెరుగవు. అందులో పదియవ పాలు నటుని నడకమీదికి, కంఠముమీదికి మరలినను మన తెరకు నేటికంటె మేలైన విమర్శకులు లభింతురు. మా తొమ్మిదవ తరగతివానికి ఈ నెలలో 'మాయాబజార్' చూపి, సావిత్రి రంగారావుగా మారునప్పుడు మొదట మారు అవయవమేదో వ్రాసికొని రమ్మంటిమి. వాడు మెడ యని వ్రాసెను. భుజమని మేమనుకొంటిమి, మరల చూచి తగవు తీర్చుకొనవలసియున్నది.

వార్త చల్లారిన పిమ్మట చిత్రము కంటబడుట అప్పుడప్పుడు జరుగుచున్నది. 2010లో వచ్చిన 'ఖలేజా' హాళ్లలో నిలువలేదు; పిదప టెలివిజనులో జనులు దానిని మరల మరల చూచి మెచ్చుకొనిరి, 2025లో మరల హాళ్లకు దెచ్చిరి. అదే యేడు పరాజయము పొందిన 'ఆరెంజ్' 2023లో తిరిగి ప్రదర్శింపబడినప్పుడు, మొదట విడుదలైననాడు పలక పట్టని పిల్లలు హాలునిండ నిలిచి ఆ పాటలు పాడిరి. అప్పటి లెక్కలు వారికక్కరలేదు. వారికి చిత్రము మాత్రమే మిగిలినది. ఈ ఆచారమునకు 2022 ఆగస్టులో 'పోకిరి', ఆ మరుసటి నెల 'జల్సా' ఊపు దెచ్చినవి. మేమును ఒకనాటి సాయంకాలము టికెట్టు కొని వెళ్లి పిల్లల నడుమ గూర్చుండి సంతోషించితిమి. మరునాడుదయము తరగతిలో అడుగుపెట్టుసరికి నల్లబల్లమీద రెండు నిలువు గీతలు గీచియున్నవి. ఒక ప్రక్క పోకిరి మరువిడుదల మొదటి దినపు గ్రాసు, రెండవ ప్రక్క జల్సాది.